టెంట్‌హౌస్ అన్న

పోయిన వారం మా ఆఫీసు వాట్సాప్ గ్రూపులో "టెంట్‌హౌస్ అన్న పోయాడు" అని ఒక్క ముక్క వచ్చింది. దాని కింద దండాల బొమ్మలు బారులు తీరాయి. కంపెనీ తరఫున వాళ్లింటికి నాలుగు మాటలు రాసి పంపే పని నా మీద పడింది. రాయడానికి కూర్చుని మొదటి మాట దగ్గరే ఆగిపోయాను. ఇంతకీ ఆయన పేరేమిటి? పక్క సీట్లవాళ్లని అడిగాను. "టెంట్‌హౌస్ అన్నే కదా" అన్నారు. పై అంతస్తులో అడిగాను, అక్కడా అదే మాట. చివరికి జీతాలు చూసే అమ్మాయి పాత వివరాలు తిరగేసి చెప్పింది. విన్నాక అదేదో వేరే మనిషి పేరులా అనిపించింది. అక్కడ తప్పదు గనక రాశాను. ఇక్కడ రాయను.

ఆయన్ని తలుచుకుంటే ముందు కనబడేది కుర్చీ. ఎక్కడికి వెళ్లినా సరే, కూర్చునే ముందు కుర్చీని ఎత్తి అడుగున ఏముందో ఓసారి చూసేవాడు. మీటింగ్ రూమైనా అంతే, హోటలైనా అంతే. ఒకసారి బయటి దేశం నుంచి క్లయింట్లు వచ్చారు. అందరం ముస్తాబై, బిగుసుకుపోయి నిలబడి ఉన్నాం. ఈయన, కింద చక్రాలున్న ఆఫీసు కుర్చీని వంచబోతే అది చేయి జారి వెళ్లి ఓ పెద్దమనిషి మోకాలికి తగిలింది. సారీ చెప్పాడు. చెప్పి, దాన్ని మళ్లీ లాక్కొచ్చుకుని, అడుగు చూశాకే కూర్చున్నాడు.

వాళ్ల నాన్నది తెల్లాపూర్‌లో టెంట్‌హౌస్. ఇప్పుడు అక్కడ ఎటు చూసినా గేటెడ్ కమ్యూనిటీలే గానీ, అప్పట్లో అది మామూలు ఊరు. షామియానాలు, కుర్చీలు, వంట గిన్నెలు పెళ్లిళ్లకు కిరాయికి ఇచ్చేవాళ్లు. ప్రతి కుర్చీ అడుగున, ప్రతి గిన్నె అడుగున ఒక ఆకుపచ్చ పట్టీ, దాని మీద పసుపు చుక్క. పెళ్లి అయ్యాక నాలుగు టెంట్‌హౌసుల సామాను కలిసిపోతే ఆ గుర్తు చూసి ఎవరిది వాళ్లు వేరు చేసుకోవాలి. చిన్నప్పుడు బడి నుంచి రాగానే ఈయన పని ఆ రంగు వెయ్యడమేనట. తరవాత ఇంజనీరింగ్ చదివాడు, నెట్‌వర్కుల్లో తలపండిపోయాడు, మా దగ్గర పెద్ద ఉద్యోగమే చేశాడు. చూపు మాత్రం కుర్చీ అడుగునే ఉండిపోయింది. ఎప్పుడో పోయిన తమ కుర్చీ ఏదో ఒక చోట దొరక్కపోదని ఆయన ఆశ.

మా ఆఫీసు రాయదుర్గంలో మెట్రో దిగి నడిచి వెళ్లేంత దూరంలో ఉంటుంది. మేం చేసే పని బయటివాళ్లకు చెప్పాలంటే నాకు నీరసం వస్తుంది. ఆయన మాత్రం ఒక్క ముక్కలో తేల్చేవాడు, మాదీ టెంట్‌హౌసే అని. అబద్ధమేం కాదు. ముంబైలో, సింగపూర్‌లో, ఇంకా ఎక్కడెక్కడో పెద్ద పెద్ద భవనాల నిండా కంప్యూటర్లు ఉంటాయి. ఎవరైనా వెబ్‌సైట్ నడపాలంటే వాటిలోంచి కొన్ని కిరాయికి తీసుకుంటారు. ఎన్ని కావాలి, ఏ ఊళ్లోవి కావాలి, వాటి మధ్య సమాచారం ఏ దారిన నడవాలి, ఇవన్నీ చూడటం మా పని. ఆ కంప్యూటర్లను మేం మిషన్లంటాం. ఏ ప్రాజెక్టుకు ఎన్ని మిషన్లన్నది తేల్చేది టెంట్‌హౌస్ అన్న. ఎవరివీ అన్నీ ఒకే ఊళ్లో పెట్టనిచ్చేవాడు కాదు. ఒక వానాకాలం వాళ్ల గోదాంలోకి నీళ్లొచ్చి షామియానాలన్నీ కుళ్లిపోయాయట. అప్పటినుంచి వాళ్ల నాన్న సామాను రెండు చోట్ల పెట్టడం మొదలుపెట్టాడు. కొడుకు ఆ పాఠాన్ని సింగపూర్ దాకా తీసుకెళ్లాడు.

మిషన్లు కావాలని మెయిల్ పెడితే ఆయన జవాబిచ్చేవాడు కాదు. మెయిల్లో అందరూ మంచిగానే అడుగుతారని ఆయన అనుమానం. స్టీలు ఫ్లాస్కులో చాయ్, చొక్కా జేబులో ఉస్మానియా బిస్కెట్ల పొట్లం, నేరుగా మన సీటు దగ్గరికే వచ్చేవాడు. బిస్కెట్ విరిచి సగం మనకిచ్చి, ఒకటే ప్రశ్న వేసేవాడు. "ఎంతమందొస్తున్నరు?" అంటే మన వెబ్‌సైట్‌కి ఎంతమంది వస్తారని. ఎందుకైనా మంచిదని కాస్త ఎక్కువ అడిగానన్నామో, అయిపోయామే. ఎందుకైనా మంచిదని గోదాం మొత్తం ఒక్క పెళ్లికే పంపితే, అదే ముహూర్తానికి ఉన్న మిగతా పెళ్లిళ్లవాళ్లు నేల మీద కూర్చుంటారా అని నిలదీసేవాడు.

ఇచ్చిన ప్రతి మిషన్‌కీ ఒక గుర్తు పెట్టించేవాడు. ఎవరు తీసుకున్నారు, దేనికి, ఎప్పుడు తిరిగిస్తారు. దాన్ని రంగెయ్యడం అనేవాడు. రంగు లేని మిషన్ కనబడితే శుక్రవారం మధ్యాహ్నం ఫ్లోరంతా వినబడేలా చెప్పి మరీ ఆపేసేవాడు. ఒకసారి అలా ఆపింది మా వైస్ ప్రెసిడెంట్ గారు సరదాకి పెట్టుకున్నదట. ఆయన గుడ్లురుముతూ దిగి వస్తే ఈయన బిస్కెట్ విరిచి సగం చేతిలో పెట్టి, "రంగెయ్యి సార్, ఇస్త" అన్నాడు. వైస్ ప్రెసిడెంట్ గారు బిస్కెట్ తిని వెళ్లి రంగేశారు.

ఆయన బాధల్లా ఒక్కటే. తీసుకున్నవాళ్లు తిరిగివ్వరు. ప్రాజెక్టు అయిపోతుంది, దాని మిషన్లు మాత్రం పనీపాటా లేకుండా అక్కడే తిరుగుతూ ఉంటాయి. ఎవరినడిగినా ఉండనీ అన్నా, మళ్లీ కావాలేమో అంటారు. పెళ్లయ్యాక కుర్చీలు వాపస్ ఇవ్వాలా వద్దా, చదువుకున్నవాళ్లకు ఈ ఒక్క సంగతి ఎందుకెక్కదని చాయ్ తాగినప్పుడల్లా పరేషాన్ అయ్యేవాడు.

నేను ఆ ఆఫీసులో చేరేటప్పటికి మా పాప బడికి వెళ్తోంది. పాప కోసం మానేసిన ఉద్యోగంలోకి మళ్లీ వద్దామంటే ఎవరూ పిలవలేదు. మధ్యలో గ్యాప్ వచ్చింది కదమ్మా అనే మాట వినీ వినీ విసుగెత్తిపోయింది. చివరికి ఈ కంపెనీవాళ్లు ఆర్నెల్లు చూస్తాం, నచ్చితే ఉంచుకుంటాం అన్నారు. మణికొండలో మా ఫ్లాట్‌లో అందరి కళ్లూ ఆ ఆర్నెల్ల మీదే. "ఇప్పుడు నీకీ అవస్థ అవసరమా అమ్మా" అని మా అత్తగారు అన్నప్పుడల్లా పైకి నవ్వి లోపల పళ్లు నూరుకునేదాన్ని. నాకు కోపం ముక్కు మీద ఉంటుందని కాకినాడలో మా అమ్మ కూడా చెబుతుంది. నాకు ఆ ఉద్యోగం కావాలి. జీతం సంగతి అటుంచి, నేనింకా పనికొస్తానని నాకే తెలియాలి.

గడువు చివర్లో ఒక పెద్ద పని నాకు అప్పగించారు. ఓ ప్రవేశపరీక్ష ఫలితాలు మా మిషన్ల మీదుగా విడుదలవుతాయి. పిల్లలు, అమ్మానాన్నలు, పిన్నీ బాబాయిలు, అందరూ ఒకేసారి వచ్చి పడతారు. సైటు నిలబడితే నేను ఉంటాను, కూలబడితే ఇంటికి పోతాను. మా మేనేజరు ఈ మాట చాలా మెత్తగా చెప్పాడు. ఎంత మెత్తగా చెప్పినా అర్థం అదే.

భయంతో కావలసినదానికి మూడింతలు మిషన్లు అడుగుతూ మెయిల్ పెట్టాను. మర్నాడు ఫ్లాస్కు నా సీటు దగ్గరికి వచ్చింది. సగం బిస్కెట్ అయ్యాక, ఎంతమందొస్తున్నరు అయ్యాక, అడిగిన దాంట్లో సగమే ఇస్తానన్నాడు. మిగతావి జనం పెరిగినకొద్దీ వాటంతటవే వచ్చి చేరేలా పెట్టుకోమన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఈయన పిసినారితనానికి నా ఉద్యోగం ఊడేట్టుంది అనుకున్నాను. లేచి వెళ్లబోతూ ఇంకో మాట అడిగాడు.

"కుర్చీలొస్తయ్ చెల్లె. ఏసే జాగ ఎంతున్నది?"

"జాగా సంగతి నేను చూసుకుంటానండీ" అన్నాను, ఆ అండీని కాస్త గట్టిగానే ఒత్తి.

అండీ అన్నది ఎవరినా అని ఆయన వెనక్కి తిరిగి చూసి, వెళ్లిపోయాడు. నేను మేనేజరు దగ్గరికి వెళ్లి మొరపెట్టుకున్నాను. ఆయన నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వు చూసి ఇంకా మండింది.

రేపు ఫలితాలనగా, మధ్యాహ్నం మళ్లీ వచ్చాడు. బువ్వ తినొద్దాం దా అన్నాడు. క్యాంటీన్‌కేమో అనుకుని మెడలో ఐడీ కార్డుతోనే లేచాను. తీరా చూస్తే ఆయన కారు గచ్చిబౌలిలో ఓ ఫంక్షన్ హాలు ముందు ఆగింది. లోపల పెళ్లి జరుగుతోంది. పిలవని పెళ్లికి నేను రానని మొరాయించాను. సప్లయి మనదే, లోపల తమ్ముడున్నాడు, ఫికర్ చెయ్యకన్నాడు. గుమ్మంలో పన్నీరు చల్లుతున్న పెద్దాయన నా ఐడీ కార్డు వంక వింతగా చూసి, మీరు ఎవరి తరఫమ్మా అని అడిగాడు. నేను కార్డును గుప్పిట్లో దాచుకున్నాను.

"కుర్చీల తరఫు" అన్నాడు టెంట్‌హౌస్ అన్న.

పెద్దాయన ఇద్దరి మీదా పన్నీరు చల్లి లోపలికి పంపించాడు.

భోజనాల బల్ల దగ్గర చోటు దొరికింది. బగారా అన్నం, గుత్తివంకాయ, డబుల్ కా మీఠా. తింటున్నానే గానీ నా ప్రాణమంతా రేపటి మీదే ఉంది. ఇంతలో వెనక గొడవ మొదలైంది. హాలు కిక్కిరిసిపోయింది. పెళ్లికూతురి మేనమామ వచ్చి టెంట్‌హౌస్ అన్న తమ్ముడి మీద విరుచుకుపడుతున్నాడు. ఆడవాళ్లు నిలబడి ఉన్నారు, అన్ని కుర్చీలు మాట్లాడుకుంటే తెచ్చింది ఇవేనా అని. తమ్ముడు తల పట్టుకుని కిటికీలోంచి బయటికి చూపించాడు. గేటు పక్కన వ్యాను, దాని నిండా ఎర్ర కుర్చీలు.

"కుర్చీలున్నయ్ మామా. ఏసే జాగ లేదు."

నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

మా లోకంలో ప్రతి మిషన్‌కీ ఒక అడ్రసు ఉండాలి. అది లేకపోతే మిషన్ ఉన్నా లేనట్టే, దాని దగ్గరికి ఎవరూ చేరలేరు. ఒక్కో ప్రాజెక్టుకీ ఇన్ని అడ్రసులని ముందే గిరి గీసి ఇస్తారు. నా ప్రాజెక్టుకున్న గిరి ఎప్పుడో ఎవరో చిన్న పనికోసం గీసుకున్నది. నేను మిషన్ల కోసం పోట్లాడాను గానీ, ఆ గిరి ఎంతో ఒక్కసారీ చూడలేదు. రేపు జనం పెరిగి మిషన్లు రావడం మొదలైతే, నాలుగు లోపలికి వస్తాయి, తక్కినవన్నీ ఆ వ్యాను లాగే గేటు బయట నిలబడతాయి. ఆయన సగం కాదు, మూడింతలు ఇచ్చినా అంతే.

చెయ్యి కూడా సరిగా కడుక్కోకుండా పరిగెత్తాను. మీఠా తినకుండా పోతున్నానని వెనక నుంచి ఆయన కేకేశాడు. ఆటోలో ఆఫీసుకొచ్చి చూస్తే, నేను భయపడ్డదానికన్నా గిరి చిన్నగా ఉంది. కొత్తది గీయాలంటే మళ్లీ ఆయనే రావాలి. తాపీగా భోజనం ముగించుకుని, ఒక కాగితం కప్పులో నా డబుల్ కా మీఠా పట్టుకుని వచ్చాడు. ముందే అడగలేదా అని ఒక్క మాట అంటాడేమోనని ఒళ్లంతా చెవులు చేసుకుని కూర్చున్నాను. అనలేదు. సాయంత్రం దాకా నా పక్కనే కూర్చుని, మిగతా ప్రాజెక్టుల గిరులతో ఎక్కడా కలవకుండా కొత్తది గీసి, దారులు కలిపి ఇచ్చాడు.

మర్నాడు ఫలితాల వేళకు మేనేజరు, క్లయింటు మనుషులు, అందరూ నా తెర చుట్టూ మూగారు. వచ్చే జనాన్ని చూపించే గీత నిట్టనిలువునా లేచింది. మిషన్లు ఒక్కొక్కటే వచ్చాయి, ఒక్కొక్కదానికీ అడ్రసు దొరికింది, ఒక్కొక్కటీ పనిలో పడింది. టెంట్‌హౌస్ అన్న మాత్రం తెరకు వీపు పెట్టి, కిటికీలోంచి మెట్రో రైళ్లు చూస్తూ చాయ్ తాగుతున్నాడు. గీత కిందికి దిగాక, తల తిప్పకుండానే అడిగాడు.

"అందరు కూసున్నరా?"

"కూర్చున్నారన్నా."

నేను ఆయన్ని అన్నా అన్నది అప్పుడే మొదలు. ఆ తరవాత అండీ జోలికి పోలేదు.

అంతా తెలిసే ఆ పెళ్లికి తీసుకెళ్లాడా అని ఎన్నోసార్లు అడిగాను. బగారా అన్నం బాగుంటుందని తీసుకెళ్లానని ఒకసారి, ఒక్కణ్ణే వెళ్లి తినాలంటే సిగ్గేసిందని ఒకసారి చెప్పాడు. ఏది నిజమో తేల్చుకోలేకపోయాను.

హడావుడి సద్దుమణిగాక నేను తీసుకున్న మిషన్లన్నీ ఆయనకు తిరిగి ఇచ్చేశాను. అదేదో గొప్ప గుణం అనుకునేరు. పిసినారి అనుకున్న మనిషి చేత మాట పడకూడదనే పౌరుషం, అంతే. ఆయన ఫ్లాస్కు కూడా మరిచిపోయి గబగబా వచ్చాడు. నిజంగానే ఇచ్చేశానా అని అడిగిందే మళ్లీ అడిగాడు. ఆ తరవాత ఫ్లోరంతా తిరిగి, పెళ్లికూతురిని చూపించినట్టు నన్ను చూపిస్తూ, "అడగకుంటనే వాపస్ ఇచ్చింది" అని చెప్పాడు. ఇంత చిన్నదానికి ఇంత సంబరమా అని నేను తలెత్తలేకపోయాను. అటునుంచి అటే మేనేజరు గదిలోకి వెళ్లాడు. లోపల ఏం మాట్లాడాడో గానీ, ఆర్నెల్ల మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. నన్ను ఆయన టీమ్‌లో వేశారు.

ఆ ఏడు మా పాప పుట్టినరోజుకి కుర్చీలు వాళ్ల దగ్గరే తీసుకున్నాం. వ్యానుతో పాటు ఆయనే వచ్చాడు. మా అత్తగారు ఇదే అదనుగా, అసలు మా కోడలు చేసే పనేమిటండీ అని అడిగింది. ఆయన ఓ కుర్చీ లాక్కుని, అడుగు చూసుకుని, కూర్చుని, వివరంగా చెప్పాడు. అప్పటినుంచి కాకినాడ నుంచి ఎవరు ఫోన్ చేసినా, మా కోడలు ఆఫీసులో కుర్చీలు సప్లయి చేస్తుందని మా అత్తగారు గర్వంగా చెబుతోంది. నేను దిద్దడం మానేశాను. మర్నాడు పొద్దున్నే ఆయన మళ్లీ తలుపు కొట్టాడు. ఒక కుర్చీ తక్కువొచ్చిందట. ఇల్లంతా వెతికితే బాల్కనీలో దొరికింది. దాని మీద మా అత్తగారు కూర్చుని మెంతికూర తుంచుతోంది. బాగా అనువుగా ఉందండీ, ఉండనివ్వండి అంది. ఆయన నా వంక చూసి, మీ ఇంట్ల కూడా గిదేనా అన్నట్టు తల ఊపాడు.

రిటైరైన రోజు లాప్‌టాప్, ఐడీ కార్డు, సొరుగు తాళం చెవి నా బల్ల మీద వరసగా పెట్టి, "ఇగో, అన్నీ వాపస్" అన్నాడు. అందరం నవ్వాం. ఆ తరవాత తెల్లాపూర్‌లో తమ్ముడితో పాటు టెంట్‌హౌస్‌లో కూర్చునేవాడు. మీ ఐటీవాళ్ల కాలనీలో బర్త్‌డేకి పోయిన కుర్చీ ఇంకా రాలేదని అప్పుడప్పుడు ఫోన్ చేసి నా మీద అరిచేవాడు. ఆ అరుపు వింటే నాకు హాయిగా ఉండేది. ఒకరోజు గుండెల్లో నొప్పన్నాడట. దవాఖానకు చేరేలోపే పోయాడు.

నిన్న పదోరోజు భోజనాలు. తెల్లాపూర్ పాత ఊళ్లో వాళ్లింటి ముందు సందులోనే షామియానా వేశారు. ఇంటివాళ్లు చుట్టాలను లెక్కేసుకున్నారు గానీ, మమ్మల్ని లెక్కేసుకోలేదు. ఆయన దగ్గర మిషన్లు తీసుకున్నవాళ్లు, అడిగితే దొరక్క వెనక్కి వెళ్లినవాళ్లు, కంపెనీ మారిపోయినవాళ్లు, చివరికి వైస్ ప్రెసిడెంట్ గారు కూడా, సందు మొదట్లో కార్లు పెట్టి నడుచుకుంటూ వస్తూనే ఉన్నారు. కూర్చునే ముందు ప్రతివాళ్లూ కుర్చీ ఎత్తి అడుగు చూడటం, ఆకుపచ్చ పట్టీ కనబడగానే పక్కవాళ్లకి చూపించడం. ఏడుద్దామని వెళ్లినదాన్ని నవ్వేశాను.

కాసేపటికే కుర్చీలు నిండిపోయాయి. జనం ఎండలో నిలబడ్డారు. సందు చివర ఆయన తమ్ముడు తల పట్టుకుని ఉన్నాడు. వెనక వ్యాను, నిండా ఎర్ర కుర్చీలు. దగ్గరికి వెళ్లి, వేసే జాగా ఎంతుందన్నా అని అడిగాను. ఆయన నా మొహంలోకి చూసి, గభాల్న కండువాతో కళ్లొత్తుకున్నాడు. ఇంటి పక్కనే ఖాళీ ప్లాటు ఉంది. షామియానా పక్కగుడ్డ అడ్డం ఉండి ఎవరికీ కనబడలేదు. దాన్ని పైకి చుట్టి కట్టించాం. వ్యానులోవన్నీ దించి అక్కడ వేశారు. అందరూ కూర్చున్నారన్నా అని చెప్పాలనిపించింది. అడిగేవాడు లేడు. అప్పుడు ఏడుపొచ్చింది.

భోజనాలయ్యాయి. చేతులు కడుక్కుని ఎవరి దారిన వాళ్లు వెళ్లాల్సినవాళ్లే. వైస్ ప్రెసిడెంట్ గారు తను కూర్చున్న కుర్చీ ఎత్తి, పక్కదాంట్లో దూర్చి, రెండూ పట్టుకుని వ్యాను వైపు నడిచారు. ఎవరూ చెప్పలేదు. ఆయన వెనక ఇంకొకరు, వాళ్ల వెనక ఇంకొందరు. ఏనాడూ ఒక్క మిషన్ తిరిగివ్వనివాళ్లు, ఇస్త్రీ చొక్కాలు నలిగిపోతున్నా లెక్కచెయ్యకుండా దొంతులు దొంతులుగా కుర్చీలు మోశారు. తమ్ముడు వ్యాను మీద నిలబడి అందుకున్నాడు. ఒక్కటి కూడా పోలేదని, ఇట్లా ఎన్నడూ జరగలేదని, అన్న చూస్తే నమ్మేవాడు కాదని పైనుంచే అందరికీ చెబుతున్నాడు.

అరుగు మీద కూర్చున్న ఒక ముసలావిడ, వాళ్ల మేనత్తట, ఈ మోయడమంతా చూస్తోంది. నేను నా దొంతి ఎత్తుకుని ముందు నుంచి వెళ్తుంటే ఆపింది.

"గింతమంది ఏడికెల్లి వచ్చిన్రు బిడ్డా? మీరంత ఎవరి తరఫు?"

"కుర్చీల తరఫు పెద్దమ్మా" అన్నాను.